తెల్లవారుజామున కారు చేయు చప్పుళ్లు

గృహకృత్యములలో చెవి మనకు చేయు సాయమును మనము తఱచుగా గుర్తింపము. సంతలో కుండ కొనునపుడు వ్రేలితో తట్టి చూచి, ఖంగున మ్రోగినదానినే యేరుకొందుము; మందముగా పలికినదానిలో కంటికి కానరాని బీట యున్నదని తెలియును. ఇడ్లీపాత్ర యడుగున వేసిన కాసు గలగల మానినచో నీరింకినదని యెఱుగుదుము. తిరువాతలో ఆవాలు చిటపటలాడుట ఎప్పుడు ముగిసినదో, పాలు పొంగుటకు ముందు గిన్నె చేయు సన్నని సవ్వడి యెట్లుండునో మన కెవ్వరును పాఠము చెప్పలేదు. వినివిని వచ్చిన విద్య యది. వాకిట నిలిచిన కారు విషయమునను ఆ విద్య అక్కఱకు వచ్చునని, దానిని లెక్కచేయకున్న నష్టము కలుగునని నా యనుభవమున తెలిసికొంటిని.

మా కారు పదేండ్లనాటి పెట్రోలు కారు. మావారు ప్రొద్దుట ఆఱు గంటలకే అనంతపురము నుండి కళ్యాణదుర్గమునకు పనిమీద పోవుదురు. రెండేండ్ల క్రిందట ధనుర్మాసమున ఒకనాడు నేను వాకిట ముగ్గు వేయుచుండగా ఆయన కారు స్టార్టు చేసిరి. ఆ క్షణమున బానెట్టు క్రింద, డబ్బాలో చెనక్కాయలు పోసి ఆడించినట్లు, గరగరమని రెండు మూడు సెకనులపాటు చప్పుడు పుట్టి ఆగిపోయినది. మఱునాడును అంతే. అద్దము లెత్తుకొని లోపల కూర్చుండువారికి అది వినబడదు. ముగ్గుచిప్ప పట్టుకొని కారు మొగమున కూర్చున్న నాకు వినబడును. చెప్పగా, "చలికి అట్లే యుండునులే" అనిరి. నేను విడువకపోగా ఆదివారమునాడు పది గంటలకు, ఊరిలో నాలుగు పనులు చూచుకొని, షెడ్డునకు తీసికొనిపోయిరి. అప్పటికి ఇంజను వేడెక్కియున్నది. ఎన్నిమాఱులు స్టార్టు చేసినను ఆ చప్పుడు రాలేదు. ఇట్లు రెండు పర్యాయములు జరిగినది. రెండవమాఱు మెకానిక్కు నవ్వి, "అమ్మకు అనుమాన మెక్కువ" అనెనట.

కారు సంగతి మగవారిది, మన కేల యని కొందఱు సోదరీమణులు ననవచ్చును. కాని కారులో మొట్టమొదట దూరప్రయాణము చేసినది స్త్రీయే. 1888వ సంవత్సరము ఆగస్టు నెలలో జర్మనీదేశమున బెర్తా బెంజ్ అను ఆమె, భర్త నిర్మించిన మూడుచక్రముల మోటారుబండిలో కుమారుల నిరువురను కూర్చుండబెట్టుకొని, భర్తకు చెప్పకుండ మాన్‌హైము నుండి ఫోర్జ్‌హైమునకు నూఱు కిలోమీటరులకు పైగా ప్రయాణించినది. దారిలో ఇంధనపు గొట్టము పూడుకొనిపోగా తన టోపీసూదితోనే పొడిచి శుభ్రపఱచినది. అటుపిమ్మట చాల కాలము కారును మొదలిడుటకు దానిముందు నిలిచి ఇనుపపిడిని బలముగా త్రిప్పవలసియుండెడిది. ఇంజను ఎదురు తన్నినచో మణికట్లు విఱిగెడివి. చార్లెస్ కెటరింగు రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912వ సంవత్సరపు కాడిలాకు కార్లలో వచ్చిన పిమ్మట ఆ బాధ తొలగి, స్త్రీలు నిశ్చింతగా కారు నడుపుటకు దారి యేర్పడినది. మన షెడ్లలో సెల్ఫ్ అని వ్యవహరించునది అదియే.

మా పీఠభూమిలో కారు ఇప్పుడు వింతవస్తువు కాదు. పెనుకొండ దగ్గఱ ఎఱ్ఱమంచి గ్రామమందలి కియా కర్మాగారమునుండి 2019లో సెల్టోస్ కార్లు వెలువడసాగినవి. తళ్ళికోట యుద్ధానంతరము విజయనగర ప్రభువులు రాజధానిగా చేసికొన్న పెనుకొండ యది. 2022 నుండి ఆ ప్రాంతము శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినను, మాకు పాత యలవాటున అనంతపురము సీమయే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదియు ఒకయేడు కురిసి మఱొకయేడు ముఖము చాటువేయు సీమ. వేరుసెనగ పండిన యేట వాయిదాలపై కారు కొందురు. ఎండిన యేట ఇంజను చెడినచో దానిని బాగుచేయించుటకు ఇంటిలో బంగారము కదలవలసి వచ్చును. అందుచేత ఈ చప్పుళ్ల సంగతి ఇల్లాలికి సంబంధింపనిది కాదు.

ఇంజను విషయమున చల్లన యనగా మనము కంబళి కప్పుకొను చల్లన కాదు. నడచుచున్న ఇంజనులోని నీరు ఇంచుమించు 90 డిగ్రీల వేడిమి కలిగియుండును. పుష్యమాసపు వేకువను అనంతపురమున గాలి 15, 16 డిగ్రీలకు దిగును. మడకశిర వైపున చలి మఱికొంత హెచ్చు. వైశాఖమాసమున తెల్లవారుజామున 28 డిగ్రీలున్నను, రాత్రియంతయు నిలిచిన ఇంజనుకు అదియు చల్లనయే. కావున ఈ చప్పుళ్లు చలికాలమున హెచ్చుగా వినబడునే కాని, చలికాలమునకు మాత్రమే చెందినవి కావు.

రాత్రి నిలిచియున్నపుడు ఇంజను నూనె పైభాగములనుండి అడుగునున్న చాంబరులోనికి జాఱిపోవును. ప్రొద్దుట ఇంజను తిరిగిన వెంటనే పంపు దానిని మరల పైకి తోడవలెను. చలికి ఆముదము సీసానుండి ఎంత మెల్లగా దిగునో చూచిన మనకు, చిక్కబడిన నూనె పైకెక్కుటకు ఒకటి రెండు సెకను లేల పట్టునో చెప్పనక్కఱలేదు. ఆ వ్యవధిలో లోహము లోహమును తాకి కొంచెము పలుకును. నూనెడబ్బాపై 5డబ్ల్యూ-30 వంటి గుర్తులుండును. అందలి డబ్ల్యూ శీతకాలమును తెలుపు ఆంగ్లపదపు మొదటి అక్షరము. దానికి ముందరి అంకె ఎంత చిన్నదైన నూనె చలిలో అంత సులభముగా పారును. మా ప్రాంతమున ఎండ లెక్కువ గనుక చిక్కని నూనెయే మంచిదను నమ్మిక యొకటి పాత అంబాసిడరు కార్లనాటినుండి వచ్చుచున్నది. నేటి ఇంజనులలో సందులు మిక్కిలి సన్ననివి. కారుతో ఇచ్చిన పుస్తకములో ఏ అంకె యున్నదో ఆ నూనెయే పోయవలెను. షెడ్డులో ఏ డబ్బా తెఱచియున్న దానిని పోయనీయరాదు.

ఇక చప్పుళ్లు. తాళపుచెవి త్రిప్పగానే ఇంజను కదలక, టకటకటక మని గబగబ శబ్దము వచ్చి దీపములు మసకబాఱినచో అది బ్యాటరీ నీరసము. ఒక్కమాఱు మాత్రము టక్కుమని ఊరకున్నచో సెల్ఫ్ మోటారును, దాని తీగలను చూపింపవలెను. మోటారు గిఱ్ఱున తిరుగుచు ఇంజను మాత్రము కదలకున్నచో సెల్ఫ్ పండ్లు ఇంజను చక్రమును పట్టుటలేదన్నమాట. గఱ్ఱుమని ఇనుము కొఱికినట్లున్నచో ఆ పండ్లే అఱిగియుండవచ్చును. అప్పుడు పదేపదే తాళము త్రిప్పుట పంటినొప్పితో చెఱకు నమలుట వంటిది.

బ్యాటరీని గూర్చి మా ఎండలసీమవారు తెలిసికొనదగినది యొకటి కలదు. దానిని చలి చంపినదని అందఱు ననుకొందురు. నిజమునకు దానిని చెఱచునది వేసవి. 40 డిగ్రీలు దాటిన ఎండలో లోపలి పలకలు త్వరగా తుప్పుపట్టి క్షీణించును. అయినను ఎండకాలమున ఇంజను సులభముగా తిరుగును గనుక ఆ లోపము బయటపడదు. మార్గశిరమున నూనె చిక్కబడి, బ్యాటరీలోని రసాయనచర్య మందగించినపుడు గుట్టు రట్టగును. మూడు నాలుగేండ్లు వాడిన బ్యాటరీని దసరాకు ముందొకమాఱు పరీక్ష చేయించుట తెలివి.

ఇంజను అందుకొన్న పిమ్మట మొదటి నిమిషములో వేగముగా తిరిగి, తరువాత నెమ్మదించును. నిమిషమునకు వేయి రెండువందల చుట్లకు పైబడి మొదలై, వేడెక్కినకొలది ఏడెనిమిది వందలకు దిగును. ఇది దోషము కాదు. చల్లని ఇంజను ఆగిపోకుండ కారే చేసికొను నేర్పాటు. డీసెలు బండ్లు చలిలో కటకటలాడుటయు సహజమే. వానిలో ఇంధనమును మండించునది నిప్పురవ్వ కాదు, నొక్కబడిన గాలియందలి వేడిమి. చల్లని గోడలు ఆ వేడిని పీల్చుకొనగా ఇంధనము కొంచెము ఆలస్యముగా, ఒక్కుమ్మడిగా అంటుకొనును. అందువలననే ఆ మోత. తాళము త్రిప్పినపుడు చుట్టలు చుట్టిన తీగ ఆకారమున ఒక దీపము వెలుగును. అది ఆఱువఱకు ఓపికపట్టి స్టార్టు చేసినచో హీటరు ప్లగ్గులు లోపలిభాగమును వెచ్చబఱచును, మోతయు తగ్గును. మావాండ్ర తొందరలో ఆ ఓపికయే కఱవు!

కీచుమని పిచ్చుకగుంపు అఱచినట్లుండునది ఫ్యాను బెల్టు. స్టార్టు చేయుటలో నీరసించిన బ్యాటరీకి శక్తి నింపుటకు డైనమో బరువుగా తిరుగును; మంచుచెమ్మయు, మా యెఱ్ఱదుమ్మును పట్టిన బెల్టు దానిపై జాఱి కూయును. కొలది సెకనులలో మానినచో అంత భయము లేదు. నిమిషము దాటినను కూయుచున్నచో అది వదులైనదో, బీటలువాఱినదో చూపింపవలెను. తలుపు కిఱ్ఱుమన్నచో నూనె వేసినట్లు దీనికి వేయరాదు. నూనె తగిలిన బెల్టు మఱింత జాఱి త్వరగా పాడగును.

చల్లగా నున్నపుడు టప్‌టప్‌మని బోలుగా పలికి, వేడెక్కగానే మానునది తఱచు పిస్టను చప్పుడు. పిస్టను అల్యూమినియముది. అల్యూమినియము వేడికి ఇనుముకంటె ఇంచుమించు రెండింతలు సాగును. అందుచే చల్లని పిస్టను తన గదిలో కొంచెము వదులుగా నుండి ప్రక్కలను తట్టును. వేడెక్కి సాగిన పిదప సరిపోవును. జాడీమూత బిగిసినపుడు మూతను వేడినీట ముంచి విప్పు మనకు ఈ మర్మము క్రొత్తది కాదు. బండి పాతదైనపుడు ఈ చప్పుడుతో ఏండ్లకొలది నడచుటయు కలదు. అట్లే చల్లగా నున్నపుడు టిక్కుటిక్కుమని, చెవి యొగ్గినచో చుస్సుమని గాలి పోవుచున్నట్లు వినబడునది ఇంజనుకును సైలెన్సరు గొట్టమునకును నడుమ నున్న అతుకు. లోహము వేడికి సాగి సందు మూసికొనగానే శబ్దము పోవును. దీనిని మాత్రము ఉపేక్షింపరాదు. ఆ సందున వెలువడు పొగలో కార్బను మోనాక్సైడు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. కారులోనికి చొచ్చెనా, పసిబిడ్డలకు తలనొప్పియు మగతయు కలుగుటతో మొదలై ప్రాణము మీదికి తెచ్చును. కారు నిలుపు గది తలుపులు మూసి ఇంజనును నడపరాదనుటకును కారణ మిదియే. చలి యని తలుపు వేసికొని ఇంజను వేడిచేయుట ఎన్నడును వలదు.

డాషుబోర్డు వెనుక నీళ్లు గళగళలాడినట్లు వినబడినచో రేడియేటరు నీరు తగ్గి గాలి చేరియుండవచ్చును. ఇంజను చల్లగా నున్న ప్రొద్దుటిపూటయే ఆ నీటిమట్టము చూడవలెను. వేడి రేడియేటరు మూత విప్పినచో మరగుచున్న నీరు ముఖముపైకి చిమ్మును. తగ్గినదని బోరునీరు పోయుట మా యూళ్లలో సర్వసాధారణము. ఆ నీటితో కాచిన గిన్నెల యడుగున ఎంత తెల్లని పొర కట్టునో మనము రోజును రాచి రాచి చూచుచున్నదే కదా! ఆ పొరయే ఇంజను నీటిదారులలోను కట్టి, వేడిని బయటికి పోనీయక ఇంజనును ఉడికించును. కూలెంటు ద్రవమును శుద్ధజలముతో కలిపి పోయుటయే మేలు.

వేడెక్కినకొలది తగ్గు చప్పుడుకంటె వేడెక్కినకొలది పెరుగు చప్పుడు ప్రమాదకరమని షెడ్లలో చెప్పుదురు. అది చాలవఱకు నిజము. ఇంజను అడుగునుండి, రోలు దంచినట్లు బరువుగా, యాక్సిలరేటరు త్రొక్కినకొలది హెచ్చుగా దబదబ వినబడునది బేరింగుల చప్పుడు. దానితోపాటు గిండి ఆకారమున నున్న ఎఱ్ఱదీపము వెలుగుచున్నచో ఒక్క నిమిషమైనను నడపరాదు. ఆ దీపము స్టార్టు చేసిన రెండు మూడు సెకనులలో ఆఱిపోవలెను. మా యెఱుకలోని ఒక కుటుంబమువారు టమోటాల బండిని సంత వేళ మించునని, దీపము వెలుగుచుండగానే తాడిపత్రి త్రోవను పోనిచ్చిరి. పదిమైళ్లు పోకముందే ఇంజను కఱచుకొని నిలిచిపోయినది. టమోటాలు ఎండపాలయినవి, ఇంజను మరమ్మతునకై ఆ ఇంటి కోడలి గొలుసు తాకట్టునకు పోయినది. అంతకు వారము ముందే ఆ పిల్ల అత్తగారితో, "బండి రోలు దంచినట్లు పలుకుచున్నది" అని చెప్పియుండెనట. ఎవరును చెవిని బెట్టలేదు.

ఇట్లని తగ్గిపోవు చప్పుళ్లన్నియు నిరపాయములని యెంచరాదు. మా కారు చప్పుడు సంగతి అదియే. ఇంజను క్రిందికడ్డీ తిరుగుడును పైనున్న వాల్వుల కడ్డీకి అందించుటకు కొన్ని కార్లలో బెల్టు, కొన్నిటిలో టైమింగు చైను అను గొలుసు ఉండును. గొలుసును బిగువుగా పట్టియుంచు సాధనము నూనె ఒత్తిడితో పనిచేయును. రాత్రి నూనె దిగిపోగా అది సడలును; ప్రొద్దుట నూనె అందువఱకు గొలుసు, గిలకమీద వదులైన చేదత్రాడువలె కొట్టుకొనును. నూనె అందగానే చప్పుడు మాయము. రోగము మాత్రము మాయము కాదు. గొలుసు దినదినము సాగుచునే యుండును. ఒకనాడది పండ్లు తప్పినచో చాల ఇంజనులలో పిస్టనులు పోయి తెఱచియున్న వాల్వులను గ్రుద్దును. పది గంటలకు షెడ్డునకు పోయిన వేడి ఇంజను ఏమియు చెప్పకపోవుట అందుకే. వైద్యుడు వచ్చువేళకు జ్వరము దిగిన బిడ్డ వంటిది.

కావున సాక్ష్యము ప్రొద్దుటనే పట్టవలెను. మూడవమాఱు నేను చేతిఫోనును బానెట్టు దగ్గఱ పట్టుకొని, స్టార్టు చేయుటకు ముందునుండి నిమిషము పాటు శబ్దమును పట్టితిని. మఱొక షెడ్డునకు శనివారము సాయంకాలము కారును తీసికొనిపోయి రాత్రి అక్కడనే విడిచిరి. ఆదివారము తెల్లవాఱగానే నేనును వెంటపోతిని. రోగము పేరు నేను చెప్పలేదు. లక్షణములు మాత్రమే చెప్పితిని: రాత్రి నిలిచిన పిదప మొదటి స్టార్టులో మాత్రమే వచ్చును, రెండు మూడు సెకనులుండును, బానెట్టు ఎడమవైపునుండి వినబడును, నెల క్రిందట ఒక సెకనే యుండెడిది, నూనె మార్చి పదునాలుగు నెలలైనది. ఆ వృద్ధ మెకానిక్కు ఏమియు మాటాడక, పొడుగుపాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవిని బెట్టుకొని, "ఇప్పుడు కొట్టుము" అని పిల్లవానితో ననెను. గరగర మొదలైనది. ఆయన తల యెత్తి నావంక చూచి, "గొలుసమ్మా" అనెను.

విప్పగా పాతగొలుసు క్రొత్తదానికంటె కంటికి తెలియునంత సాగియున్నది. చాంబరులో నూనె అడుగంటి, కాటుకవలె నల్లబడియున్నది. అదియు పుస్తకములో చెప్పిన అంకెది కాదు. అయిన ఖర్చు మా యింటి రెండునెలల వెచ్చములకు సరిపోయెడిది. వాల్వులు వంగియున్నచో ఎంతయయ్యెడిదో ఆయన చెప్పగా, మావారు ఇల్లు చేరువఱకు మాటాడలేదు.

ఇట్లు వినబోవు సోదరీమణులకు ఒకటి రెండు జాగ్రత్తలు. ఇంజను తిరుగుచుండగా బానెట్టుపైకి వంగునపుడు పైటకొంగు నడుమున దోపికొని, జడ వెనుకకు ముడిచికొనవలెను. రేడియేటరు పంకా ఇంజను ఆపిన తరువాతకూడ తనంత తాను తిరుగవచ్చును గనుక అందు చేయి పెట్టరాదు. చలిరాత్రులలో వెచ్చదనమునకై పిల్లులు బానెట్టు క్రింద దూఱును. స్టార్టు చేయుటకు ముందు రెండుమాఱులు బానెట్టుపై తట్టుట మంచిది. చల్లని ఇంజనును యాక్సిలరేటరు త్రొక్కి రొద పెట్టింపవలదు; అట్లని పావుగంట నిలిపి వేడిచేయనక్కఱయు లేదు. అర నిమిషమాగి మొదటి రెండుమూడు కిలోమీటరులు నెమ్మదిగా పోనిచ్చిన చాలును.

ధనుర్మాసము మరల వచ్చినది. కారు మొదలగునపుడు ముగ్గు నడుమ చేయి నిలిపి వినుట నా కలవాటైనది. మావారును ఇప్పుడు అద్దము దించి, "ఏమనుచున్నది?" అని యడిగి కదలుదురు. ఈ యేడు గొలుసు పలుకుటలేదు. మూడు దినములనుండి ఫ్యాను బెల్టు మాత్రము ఎదురింటి మలుపు దాటువఱకు కూయుచున్నది. శనివారము రాత్రి కారును షెడ్డులో విడువవలెను.